మీ నోట్లోనే ఒక ప్రయోగశాల
ఇంట్లో కూర్చుని కొరియన్ నేర్చుకోవడం ఎలా?

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. 'క' అని పలకబోయి, శబ్దం బయటికి రాకముందే ఆగిపోండి. ఇప్పుడు మీ నాలుక ఎలా ఉందో గమనించండి. మొన కిందికి పడి ఉంటుంది. వెనక భాగం మాత్రం పైకి లేచి గొంతు దారిని మూసేసి ఉంటుంది. సరే, ఇప్పుడు 'న' పలకబోయి ఆగండి. ఈసారి నాలుక మొన లేచి పైపళ్ళ వెనక అతుక్కుంది. వెనక భాగం కిందనే ఉండిపోయింది.

జీవశాస్త్రం పుస్తకంలో శ్వాసకోశం బొమ్మ ఉంటుంది కదా? ముఖాన్ని నిలువుగా కోసి పక్కనుంచి చూపిస్తారు. అలాంటి బొమ్మ ఒకటి ఊహించుకోండి. మనిషి ఎడమవైపుకు చూస్తున్నాడు. అతని నోట్లో ఈ రెండు రకాల నాలుకనూ రెండేసి సరళరేఖలతో గీయమంటే ఎలా గీస్తారు? 'క' అనేటప్పటి నాలుక: పైన ఒక అడ్డగీత, దాని కుడిచివర నుంచి కిందికి ఒక నిలువుగీత. అంటే ఇంచుమించు 7 అంకె. 'న' అనేటప్పటి నాలుక: ఎడమన నిలువుగీత, దాని అడుగునుంచి కుడివైపుకు అడ్డగీత. అంటే ఇంగ్లీషు పెద్ద ఎల్ అక్షరం.

మీరు ఇప్పుడే కొరియన్ భాషలో రెండు అక్షరాలు నేర్చుకున్నారు. 7 వంటిది వాళ్ళ 'క', ఎల్ వంటిది వాళ్ళ 'న'.

ఇది కాకతాళీయం కాదు. మన తెలుగు అక్షరాలు బ్రాహ్మీ లిపి నుంచి రెండు వేల ఏళ్ళకు పైగా చేతులు మారుతూ, రాళ్ళ మీదా తాటాకుల మీదా గుండ్రబడుతూ ఈ రూపానికి వచ్చాయి. కొరియా లిపి అలా పెరగలేదు. దాన్ని కూర్చుని తయారు చేశారు. 1418 నుంచి 1450 వరకు కొరియాను పాలించిన సెజాంగ్ అనే రాజు 1443లో దీన్ని పూర్తి చేసి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతవరకు అక్కడివారు చైనా లిపిలోనే రాసుకునేవారు. అందులో వేలాది గుర్తులు. పొలం పనిచేసుకునేవాడు అవన్నీ ఎప్పుడు నేర్చుకోవాలి? సెజాంగ్ ఇచ్చినవి 28 అక్షరాలు. ఇప్పుడు వాడుకలో ఉన్న మూలాక్షరాలు 24: హల్లులు 14, అచ్చులు 10. ఈ లిపినే ఇవాళ హంగుల్ అంటారు.

ఈ అక్షరాల ఆకారం ఎక్కడినుంచి వచ్చిందన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తలుపుల మీది చెక్క జాలీని చూసి గీశారని కూడా కొందరు ఊహించారు. లిపితో పాటు వెలువడిన వివరణ గ్రంథం ఒకటి కనిపించకుండా పోవడమే ఇందుకు కారణం. 1940లో ఆ గ్రంథం ప్రతి ఒకటి దొరికింది. నాలుక, పెదవులు, పళ్ళు, గొంతు ఏ అక్షరానికి ఎలా నమూనా అయ్యాయో అందులో విడమరచి రాసి ఉంది. అప్పుడు కొరియా జపాను పాలనలో ఉంది. బడుల్లో కొరియన్ భాషను తొలగించిన రోజులవి. ఆ పుస్తకాన్ని కొన్న చాన్ హ్యాంగ్‌పిల్ అనే కళావస్తు సేకర్త 1945లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చేవరకు దాన్ని దాచి ఉంచాడు. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. నిజాం కాలంలో చదువూ, కచేరీ వ్యవహారమూ ఉర్దూలో నడుస్తుంటే, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టి తెలుగు పుస్తకాలను కాపాడుకున్న మనకు, ఆ మనిషి ఆదుర్దా ఎటువంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

మనకెందుకు?

మొయినాబాదు మండలంలోని చిలుకూరులో విదేశీ వీసా కోసం ప్రదక్షిణలు చేసేవారిని మీలో చాలామంది చూసే ఉంటారు. ముందు 11, కోరిక తీరాక 108. దేశం దాటాలంటే వీసా కావాలి గాని, భాషలోకి వెళ్ళడానికి ఎవరి ముద్రా అక్కర్లేదు.

కొరియన్ నేర్చుకోవాలన్న కోరిక మన పల్లెల పిల్లలకు పాటల నుంచీ, టీవీ కథల నుంచీ వచ్చింది. పెద్దలు దీన్ని పిచ్చి అనుకుంటారు. నేను అనుకోను. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్‌ను పేరుపెట్టి చెప్పింది. అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కంపెనీ 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. కొరియా ఇంజనీర్లు, తెలుగు పనివారు ఒకే యంత్రం దగ్గర నిలబడి మాట్లాడుకోవలసి వచ్చింది. అలాంటిచోట దుబాసీ కావాలి. పాత తెలుగు మాట ఇది. రెండు భాషలు తెలిసి ఇటు మాట అటు చెప్పేవాడని అర్థం. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో కొరియన్ నేర్పుతారు. కాని అది పెద్ద చదువుల సంగతి. తొమ్మిదో తరగతి పిల్లవాడు చేవెళ్ళ నుంచి రోజూ నగరానికి పోయి రాలేడు. అందుకని ఇంట్లోనే ఎంతవరకు నేర్చుకోవచ్చో చూద్దాం. కొరియన్ వస్తే ఉద్యోగం ఖాయమని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే మాత్రం నమ్మకండి.

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ళది పూలతోట. తండ్రి తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు ఫోను పట్టుకుని వెళ్ళిపోతాడు. సాయంత్రం అరగంట మాత్రం ఫోను ఆమె చేతికి వస్తుంది. కొరియన్ మాటలు రెండు నోటుపుస్తకాల నిండా రాసుకుంది, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక్క మాట అసలు లిపిలో రాసి చూపిస్తే చదవలేకపోయింది. ఫోనులో అదే మాట వినిపిస్తే గుర్తుపట్టలేకపోయింది! ఆమె శ్రమ అబద్ధం కాదు, పనిముట్టే తప్పు.

ఇంగ్లీషు అక్షరాలు చేసే చేటు చూడండి. కొరియా రాజధానిని మనం 'సియోల్' అంటాం. ఆ పేరులో 'యో' అనే శబ్దమే లేదు. అందులో రెండు భాగాలున్నాయి. మొదటిది 'స'కు ఒక వింత అచ్చు చేరినది, రెండోది 'ఉల్'. ఆ వింత అచ్చుకు ఇంగ్లీషులో అక్షరం లేక ఇ, ఓ అనే రెండింటిని పక్కపక్కన పెట్టి రాశారు. మనం ఆ రెండింటినీ విడివిడిగా చదివేశాం.

అద్దం, గళ్ళ పుస్తకం

ఆ వింత అచ్చు ఎలా పలకాలి? చేతి అద్దం తెచ్చుకోండి. 'ఒ' అనండి. పెదవులు గుండ్రంగా చుట్టుకుంటాయి. నాలుకను కదపకుండా పెదవుల గుండ్రదనం మాత్రం తీసేయండి. అదే ఆ అచ్చు. ఇంకొకటి ఉంది: 'ఉ' అంటూ, నాలుకను అలాగే ఉంచి, 'ఈ' అనేటప్పటిలా పెదవులు సాగదీయండి. మొదటిసారి నవ్వొస్తుంది. అద్దం ఎందుకంటే, పెదవులు మళ్ళీ ఎప్పుడు గుండ్రమైపోయాయో మనకు తెలియదు, అద్దానికి తెలుస్తుంది.

అచ్చుల రూపం ఇంకా సులువు. ఆకాశానికి చుక్క, నేలకు అడ్డగీత, నిలబడ్డ మనిషికి నిలువుగీత. ఈ మూడే. మనిషికి కుడిపక్కన చుక్క పెడితే 'ఆ'. ఎడమపక్కన పెడితే ఇందాకటి వింత అచ్చు. నేలకు పైన పెడితే 'ఓ', కింద పెడితే 'ఊ'. ఒకటికి బదులు రెండు చుక్కలు పెడితే ముందు 'య' చేరుతుంది: యా, యో, యూ. కాలక్రమాన చుక్క చిన్నగీతగా మారింది. అంతే తేడా.

హల్లుల్లో 'మ' ఒక చదరం, అంటే నోరు. 'స' ఒక పన్ను ఆకారం, రెండువైపులా వాలిన ఇంటి కప్పులా ఉంటుంది. ఇక గొంతుకు గుర్తు గుండ్రని సున్న. మాట మొదట్లో ఈ సున్నకు శబ్దం లేదు. ఊరికే అచ్చుకు తోడుగా కూర్చుంటుంది. అక్షరం చివర వస్తే 'ఙ' అని పలుకుతుంది. మనం 'వంక' అన్నప్పుడు సున్న ఏమని పలుకుతుందో మెల్లగా అని చూడండి. అదే శబ్దం!

ఊపిరి గట్టిగా వదిలే శబ్దానికి ఒక గీత అదనంగా చేరుస్తారు. 7 వంటి 'క' మధ్యలో ఒక అడ్డగీత గీస్తే 'ఖ'. ఈ ఉపాయం మనకూ కొత్త కాదు. 'ప' కింద చిన్న గీత గీసి 'ఫ' అనీ, 'ద' కింద గీసి 'ధ' అనీ మనం రాయడం లేదా?

రాసేటప్పుడు హల్లు, అచ్చు, వెనక వచ్చే పొల్లు అన్నీ ఒకే చదరపు గడిలో ఇముడ్చుతారు. అందుకే లెక్కలకు వాడే గళ్ళ నోటుపుస్తకం దీనికి చక్కగా సరిపోతుంది. పొల్లు అడుగున కూర్చుంటుంది. మన ఒత్తులాగే అనిపిస్తుంది గాని, ఒక తేడా ఉంది. మన 'అమ్మ'లో కింది మకారం తర్వాత అచ్చు పలుకుతాం. వాళ్ళది అచ్చు పలికాక చివర వచ్చే పొల్లు. మొదట రాదగిన హల్లులు జంట హల్లులతో కలిపి 19, అచ్చులు సంయుక్తాలతో కలిపి 21, అడుగున రాదగినవి 27, ఏదీ లేకపోవడం ఒకటి, మొత్తం 28. వీటిని గుణించండి. 11,172 గడులు వస్తాయి. ఇన్నింటినీ బట్టీ పట్టనక్కర్లేదు. మన గుణింతంలాగా 24 మూలాక్షరాలూ, కూర్చే పద్ధతీ వస్తే చాలు. రోజూ ఒక పేజీ గళ్ళు నింపితే పదిరోజుల్లో వస్తుంది. ఇందాకటి అమ్మాయికి ఒక వారమే పట్టింది.

కాగితం ముక్క చెప్పే రహస్యం

అసలు చిక్కు రాయడంలో లేదు, వినడంలో ఉంది. కొరియన్‌లో నిప్పును, కొమ్మును, గడ్డిని చెప్పే మాటలు మూడూ మన చెవికి ఒకేలా వినిపిస్తాయి. మూడూ పెదవులతో మొదలై 'ఉల్' అని ముగుస్తాయి. వాళ్ళకు మాత్రం అవి మూడు వేర్వేరు మాటలు. గడ్డి అడిగితే నిప్పు తెచ్చినట్టవుతుంది!

దినపత్రిక నుంచి వేలెడు వెడల్పు, జానెడు పొడవు ముక్క చింపి, నోటికి రెండు వేళ్ళ దూరంలో వేలాడేటట్టు పట్టుకోండి. 'పలక' అనండి. కాగితం దాదాపు కదలదు. ఇప్పుడు 'ఫలము' అనండి. ఫ్యాన్‌లోని శబ్దం కాదు సుమా, అది వేరు. పెదవులు పూర్తిగా మూసి, ఊపిరి ఒత్తి పట్టి వదలాలి. కాగితం ఎగురుతుంది. తర్వాత రెండు వేళ్ళు గొంతు మీద ఉంచి 'బడి' అనండి. పెదవులు విడవకముందే వేళ్ళకు అదురు తెలుస్తుంది.

ఇప్పుడు కొరియన్ మూడింటినీ ఫోనులో విని, అలాగే అనడానికి ప్రయత్నించండి. కొమ్ముకు కాగితం కదలకూడదు. అది మన 'ప'కు దగ్గరి చుట్టం, కాకపోతే గొంతు కాస్త బిగించాలి. దీన్ని రాసేటప్పుడు ఒకే అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన గీస్తారు. గడ్డికి కాగితం ఎగరాలి. అది మన 'ఫ'. నిప్పుతోనే తంటా. దాన్ని ఇంగ్లీషులో 'బ'తో రాస్తారు గాని, మొదట్లో గొంతు అదరదు. కాగితం కొంచెం కదులుతుంది. అటు 'ప' కాదు, ఇటు 'ఫ' కాదు, 'బ' అసలే కాదు. పైగా ఈ కాలపు సియోల్ యువకుల నోట నిప్పుకూ గడ్డికీ ఊపిరిలో తేడా బాగా తగ్గిపోయిందనీ, గడ్డిని హెచ్చు శ్రుతిలో, నిప్పును తగ్గు శ్రుతిలో పలికి తేడా చూపుతున్నారనీ ధ్వనిశాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. కాబట్టి కాగితం కొంతదూరమే తీసుకుపోతుంది. అక్కడినుంచి చెవి పని.

కొరియాలో పెద్ద రేవు పట్టణం ఒకటుంది. పాత పటాల్లో దాన్ని 'పూసాన్' అని రాసేవారు. 2000లో ఇంగ్లీషులో రాసే పద్ధతి మార్చి 'బూసాన్' చేశారు. ఊరు మారలేదు, పలుకుబడీ మారలేదు. అది ఆ మధ్యస్థ శబ్దం కాబట్టి రెండు అక్షరాలూ దానికి పూర్తిగా సరిపోవు.

మన చెవి ఎందుకు వినిపించుకోదు? దీనిమీద చక్కని పరిశోధన జరిగింది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీలోని 'త', 'ట' వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది ఆ తేడాను పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి పట్టుకోగలిగినవారు కొద్దిమందే. 1984లో ఈ ఫలితాలు ప్రచురించారు. అంటే మొదటి పుట్టినరోజుకే మెదడు మన ఇంటి భాషకు అక్కరలేని తేడాలను పక్కన పెట్టేస్తుందన్నమాట. మనకు తాత, టాటా పగలూ రాత్రీ అంత తేడా; దొరలకు అది వినపడదు. నిప్పూ గడ్డీ దగ్గర మన పరిస్థితి అదే.

అయితే ఆ తలుపు పూర్తిగా మూసుకుపోదు. 'ర'కూ 'ల'కూ తేడా పట్టలేని జపాను పెద్దవారికి రకరకాల మనుషుల గొంతులతో తర్ఫీదు ఇస్తే మెరుగు కనిపించిందని 1991లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఇందులో మనకు పనికొచ్చే కిటుకు 'రకరకాల గొంతులు' అన్నది. ఒకే పాటను వందసార్లు వింటే ఆ గాయకుడి గొంతు తెలుస్తుంది, శబ్దం తెలియదు. ముసలివాళ్ళు, పిల్లలు, వార్తలు చదివేవారు, అందరివీ వినాలి. కె.బి.ఎస్. వరల్డ్ రేడియో వారి పాఠాలు, కింగ్ సెజాంగ్ ఇన్‌స్టిట్యూట్ వారి పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. విన్నాక మీ గొంతును ఫోనులోనే రికార్డు చేసి పక్కపక్కన వినండి. పూలతోట అమ్మాయి అరగంటలో పది నిమిషాలు ఇందుకే ఖర్చు పెడుతుంది.

మన వ్యాకరణం పుస్తకం తీయండి

ఇంతవరకు కష్టం చెప్పాను. ఇప్పుడు మనవాళ్ళకు ఉన్న లాభం. 'నేను బడికి వెళ్తాను' అన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చాలంటే మాటల వరస తిరగెయ్యాలి. కొరియన్‌లో అక్కర్లేదు. చొనన్ అంటే నేను. హక్క్యొ అంటే బడి, దానికి 'కి' బదులు 'ఎ' చేర్చితే హక్క్యొఎ. కాయొ అంటే వెళ్తాను. వరస అదే, విభక్తి ఉండేచోటూ అదే. 'నీళ్ళను' అనడానికి ముల్ అనే మాటకు 'ఉల్' చేరుతుంది. మాట అచ్చుతో ముగిస్తే 'ఉల్' కాస్తా 'రుల్' అవుతుంది. మనం పిల్లిని, కుక్కను అని ముందున్న అచ్చును బట్టి 'ని', 'ను' మార్చడం లేదా? పెద్దవారి గురించి చెప్పేటప్పుడు 'వచ్చాడు' అనకుండా 'వచ్చారు' అన్నట్టు వాళ్ళూ క్రియలో గౌరవం చేరుస్తారు. మన భాషలో లేని సుఖం ఒకటి కూడా ఉంది. నేను వెళ్ళినా, నువ్వు వెళ్ళినా, వాడు వెళ్ళినా క్రియ ఒక్కటే.

ఈ పోలికలు చూసి కొరియన్ మన ద్రావిడ భాషలకు చుట్టమని హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు 1905లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. తల్లిని వాళ్ళు 'ఒమ్మా', తండ్రిని 'అప్పా' అంటారు కదా! కాని భాషాశాస్త్రజ్ఞులు ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. ఎందుకో చూడండి. పసివాళ్ళకు మొదట సులువుగా వచ్చేవి పెదవులతో పలికే మ, ప, బ. అందుచేత చుట్టరికం లేని భాషల్లో కూడా అమ్మానాన్నల పేర్లు ఈ శబ్దాలతోనే ఉంటాయి. ఇక వాక్యం వరస సంగతి. క్రియ చివర వచ్చే భాషల్లో విభక్తులు మాటకు వెనకనే రావడం మామూలని జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో అనేక భాషలు పోల్చి చూపించాడు. జపనీస్, తుర్కీ భాషలూ అంతే. రెండు పక్షులకు రెక్కలున్నంత మాత్రాన అవి ఒకే గూటివి కావు. చుట్టరికం లేకపోయినా పోలిక మనకు అక్కరకు వస్తుంది. అది చాలు.

మీ తెలుగు మాస్టారు నేర్పిన సంధులు కూడా ఇక్కడ పనికివస్తాయి. సరళాదేశ సంధిలో క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలు అవుతాయి. కొరియన్‌లో దంపతులు అనే మాటను ఒకే అక్షరం రెండుసార్లు రాస్తారు. మొదటిది 'పు'కు దగ్గరగా, రెండు అచ్చుల మధ్య చిక్కిన రెండోది 'బు'గా పలుకుతుంది. వాక్ + మయము అనేది వాఙ్మయము అయింది కదా, అనునాసిక సంధిలో? కొరియన్‌లో 'కృతజ్ఞతలు' చెప్పే మాటను 'కామ్సా హప్ నిదా' అని రాసి 'కామ్సాహమ్నిదా' అని పలుకుతారు. నకారం ముందు పకారం మకారమైపోయింది. 'తరగతి'కి హక్ న్యొన్ అని రాసి హఙ్‌న్యొన్ అంటారు. ఇది వాఙ్మయమే! పదో తరగతి పరీక్షకు తప్ప సంధులు దేనికని అడిగే పిల్లలకు నేను ఈ ఉదాహరణే చెబుతున్నాను.

మనకు సంస్కృతం ఎలాగో వాళ్ళకు చైనా భాష అలాగ. చదువు మాటలన్నీ అక్కడినుంచి వచ్చాయి. 'హక్' అంటే నేర్పు, చదువు. క్వాహక్ అంటే సైన్సు, సూహక్ గణితం, హ్వాహక్ రసాయనశాస్త్రం, హక్‌సెఙ్ విద్యార్థి. ఒక్క ముక్క తెలిస్తే నాలుగు మాటలు. అంకెలకూ రెండు వరసలు: సొంతవి, చైనావి. 'మూడు గంటల పది నిమిషాలు' అంటే మూడును సొంత అంకెతో, పదిని చైనా అంకెతో చెప్పాలి. అన్యాయం అనకండి. మూడు కోణాలున్నదాన్ని మనం త్రిభుజం అంటున్నాం.

చెప్పుల డబ్బాలో జ్ఞాపకశక్తి

ఇక మాటలు గుర్తుండాలి. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తన మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. అర్థంలేని అక్షరాల వరసలు కంఠస్థం చేసి, కొంతకాలమయ్యాక తిరిగి నేర్చుకోవడానికి ఎంత శ్రమ మిగిలిందో కొలిచాడు. 1885లో ప్రచురించిన ఆ లెక్కల ప్రకారం, ఒక రోజు గడిచేసరికి మిగిలే ఆదా మూడో వంతు మాత్రమే. నెల తర్వాత అయిదో వంతు. మరుపు మొదటి గంటల్లోనే దూకుడుగా పనిచేసి, తర్వాత నెమ్మదిస్తుంది. అందుచేత ఒకే రోజు 108 సార్లు ఇంపొజిషన్ రాసే కన్నా, ఎడం ఇస్తూ పదకొండు రోజులు పదకొండు సార్లు గుర్తు చేసుకోవడం మేలు.

'గుర్తు చేసుకోవడం' అన్నాను, 'చదవడం' అనలేదు. 2008లో కార్పికీ, రోడిగర్ అనే అమెరికన్ పరిశోధకులు విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు నేర్పారు. ఒకసారి వచ్చిన మాటను కొందరు మళ్ళీ మళ్ళీ చదివారే గాని, దాన్ని అప్పజెప్పడం మానేశారు. మరికొందరు చూడకుండా అప్పజెబుతూనే ఉన్నారు. వారం తర్వాత మొదటివారికి గుర్తున్నవి మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా. రెండోవారికి వందకు ఎనభై.

ఈ రెండు సూత్రాలనూ కలిపి సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో ఒక పెట్టె పద్ధతి చెప్పాడు. చెప్పుల డబ్బా తీసుకుని అట్టముక్కలతో అయిదు అరలు చేయండి. పాత శుభలేఖల వెనక ఖాళీ ఉంటుంది. వాటిని కత్తిరిస్తే చీటీలు. ఒకవైపు తెలుగు మాట గాని బొమ్మ గాని, రెండోవైపు మీ చేత్తో గీసిన కొరియన్ మాట. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కూడా వద్దు. మొదటి అర రోజూ తీయాలి, రెండోది రెండు రోజులకు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, అయిదోది పదిహేను రోజులకు. బొమ్మవైపు చూసి, పైకి పలికి, అప్పుడు తిప్పండి. వస్తే చీటీ తర్వాతి అరకు. రాకపోతే ఎక్కడున్నా సరే మొదటి అరకే. వచ్చినవాటి మీద కాలం వృథా కాదు, రానివి తప్పించుకోలేవు.

రోజుకు అయిదు కొత్త మాటలు చాలు. ప్రతి చీటీ అయిదారు సార్లు తిరుగుతుంది కాబట్టి రోజూ పాతిక, ముప్పై చీటీలు చేతికి వస్తాయి. పావుగంట పని. చేవెళ్ళలో బస్సెక్కితే మర్రిచెట్లు దాటేలోపు అయిపోతుంది. కొరియా ప్రభుత్వం నిర్వహించే టోపిక్ అనే పరీక్షలో మొదటి స్థాయికి సుమారు 800 మాటలు కావాలి. రోజుకు అయిదు చొప్పున 160 రోజులు. పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షలయ్యాక వేసవిలో మొదలుపెట్టవచ్చు, తొందరేమీ లేదు.

ఆ పరీక్షలో ఆరు స్థాయిలున్నాయి. మొదటి రెండింటికీ ఒకే ప్రశ్నపత్రం: విని జవాబు చెప్పేవి 30, చదివి చెప్పేవి 40, మొత్తం 100 నిమిషాలు, 200 మార్కులు. 80 వస్తే మొదటి స్థాయి, 140 వస్తే రెండోది. మాట్లాడే పరీక్ష అందులో లేదు. కాబట్టి మీరు నిప్పు అన్నారో గడ్డి అన్నారో ఆ పత్రం దిద్దేవారికి తెలియదు. దానికి కాగితం ముక్క, అద్దం, ఫోనులో మీ గొంతు, ఇవే పరీక్షకులు.

ఈ రాత్రికి మొదటి చీటీ రాయండి. ఎల్ ఆకారం గీయండి. దాని కుడిపక్కన ఒక నిలువుగీత. ఆ నిలువుగీత నడుమ నుంచి కుడివైపుకు ఒక చిన్నగీత. చదవండి: 'నా'. కొరియన్‌లో ఆ మాటకు అర్థం 'నేను'.